ఫుల్ సైజ్ పిస్టల్‌కు ఏ తూటా? ఒక ఆర్మరర్ లెక్క

"9 ఎంఎం మంచిదా, .45 మంచిదా సార్?" రేంజ్‌కు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అడిగే మొదటి మాట ఇదే. ఫోన్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు చూసి వస్తారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో దుకాణంలోకి వెళ్ళి నచ్చిన డబ్బా కొనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న మామూలు మనిషికి ఆ రెండూ నిషేధిత బోర్లే. బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు, అంటే తూటా సైజు; .45 అంటే అంగుళంలో నూటికి నలభై ఐదు వంతులు. అందుకని నేను వాళ్ళకు వరస మార్చి చెబుతాను. ముందు చట్టం చూసుకోవాలి. తర్వాత పిస్టల్‌తో మీకున్న పని ఏమిటో తేల్చుకోవాలి. వారం వారం కాల్చే స్తోమత ఎంత, మీ చేతిలోని పిస్టల్ ఏ తూటాను సాఫీగా మింగుతుంది, ఇవి ఆ తర్వాత. దెబ్బ బలం ఎంత అన్నది చిట్టచివరి ప్రశ్న. జనం ఆ చివరిదానితోనే మొదలుపెడతారు.

నేను సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పేట్లబుర్జు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాల గదిలో, తుపాకులు విప్పడం, తుడవడం, స్ప్రింగులు మార్చడం, రౌండ్లు లెక్కపెట్టి ఇచ్చి పుచ్చుకోవడం నా ఉద్యోగం. ఇప్పుడు గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌కు వచ్చే పిల్లల పిస్టళ్ళు చూసిపెడుతుంటాను. ఎక్కువ మంది కంటే ఎక్కువ తూటాలు కాల్చాను, అంతకంటే ఎక్కువగా ఇరుక్కుపోయిన తూటాలు బయటికి లాగాను. ఇక్కడ రాసేది ఆ రెండో పని నేర్పిన సంగతులే.

ముందు లైసెన్సు పుస్తకం తెరవండి

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు కలిసి ఏ బోరు ఎవరికో చెబుతాయి. సైన్యం, పోలీసులు వాడే సర్వీసు 9 ఎంఎం తూటా, .380, .455 రివాల్వర్ తూటాలు పట్టే పిస్టళ్ళు, రివాల్వర్లు నిషేధిత బోరు కిందికి వస్తాయి. .45ను కూడా ఆ వరసలోనే పెడతారు. నిషేధిత బోరుకు అనుమతి ఇచ్చేది ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం. హైదరాబాద్ నగరంలో మామూలు లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. ఆ లైసెన్సు మీద మీకు అందేవి ప్రధానంగా రెండే: .32, .22.

ఇది ఎంత గట్టి గీతో చెబుతాను. 2019లో చట్టం సవరించాక, అనుమతి లేకుండా నిషేధిత ఆయుధం గానీ తూటా గానీ దగ్గర ఉంచుకుంటే శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, పద్నాలుగేళ్ళ దాకా పోవచ్చు. తూటాకు కూడా అదే. ఎవరైనా "అన్నా, 9 ఎంఎంవి డబ్బా ఉంది, తక్కువకే ఇస్తా" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఒక్క రౌండు షోకేసులో గుర్తుగా పెట్టుకున్నా అది నిషేధిత తూటాయే. రిటైరైన మా వాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరైనా ఒకటి అలా ఉంచుకున్నారని తెలిస్తే, పోయి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోమనే చెబుతాను.

అదే 2019 సవరణలో ఇంకో మాట ఉంది. పెళ్ళి బరాత్‌లో, ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంటుంది. పైకి పోయిన బుల్లెట్ కిందికి రావాల్సిందే, పాతబస్తీ డాబాల మీద మనుషులు పడుకుంటారు. ఈ మాట తూటా ఎంపికకు సంబంధం లేనిదిగా కనిపించవచ్చు. పిస్టల్‌ను ఏ పనికి కొంటున్నారో తేల్చుకోనివాడు ఏ తూటా కొన్నా ప్రమాదమే, అందుకే ఇక్కడే చెబుతున్నాను.

.32 అంటే ఒకటి కాదు, రెండు

ఈ ఒక్క భాగం చదివినా చాలు అంటాను, ఎందుకంటే ప్రమాదం ఉన్నది ఇక్కడ.

బోరు అన్న చోట .32 అని చూసి చాలామంది ఆగిపోతారు. మన దేశంలో .32 పేరుతో రెండు వేరువేరు తూటాలు తిరుగుతున్నాయి. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. పిస్టల్‌ది .32 ఏసీపీ, దీనికే 7.65 ఎంఎం అని ఇంకో పేరు. రెండూ ఖడ్కీ అమ్యూనిషన్ ఫ్యాక్టరీ చేస్తుంది, రెండింటి అడుగునా కేఎఫ్ అనే ముద్ర ఉంటుంది. ముద్ర చూసి తేడా తెలియదు. అడుగు అంచు చూడండి. రివాల్వర్ తూటాకు అంచు బయటికి పొడుచుకుని స్పష్టంగా కనిపిస్తుంది, మొత్తం పొడవు దాదాపు 32 మిల్లీమీటర్లు. పిస్టల్ తూటాకు అంచు కొద్దిగా మాత్రమే బయటికి ఉండి, దాని పైన గాడి ఉంటుంది. మొత్తం పొడవు దాదాపు 25 మిల్లీమీటర్లు. రెండూ పక్కపక్కన పెడితే పిల్లవాడు కూడా చెబుతాడు. ఒక్కటే చేతిలో ఉన్నప్పుడే గందరగోళం.

పిస్టల్ మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో) రివాల్వర్ తూటా దూరదు, అక్కడ భయం లేదు. తిప్పితే భయం ఉంది. చిన్నదైన పిస్టల్ తూటా చాలా రివాల్వర్ల సిలిండర్‌లో (తూటాలు పట్టే తిరిగే చక్రంలో) దూరి కూర్చుంటుంది, పేలుతుంది కూడా. రివాల్వర్ తూటాకు నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. పిస్టల్ తూటాది 20,500. పాత రివాల్వర్‌లో ఆ తేడా సిలిండర్ మీద పడుతుంది. ఇంట్లో తాతగారి రివాల్వర్, మీ పిస్టల్ రెండూ ఉంటే తూటాలు వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు అరల్లో పెట్టి తాళం వేయండి. దుకాణంలో "సేఠ్, .32వి ఇవ్వండి" అనకండి. "పిస్టల్‌ది, ఏసీపీ" అని పూర్తిగా చెప్పండి, డబ్బా విప్పి ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చూశాకే సంతకం చేయండి.

పని ఏమిటో తేల్చుకోవడం

ఫుల్ సైజ్ పిస్టల్ అంటే నాలుగు వేళ్ళూ పిడి మీద ఆనేంత పొడవున్నది, బ్యారెల్ (గొట్టం) పదకొండు నుంచి పదమూడు సెంటీమీటర్ల మధ్య ఉన్నది. గ్లాక్ 17 బ్యారెల్ 114 మిల్లీమీటర్లు, బ్రౌనింగ్ హై పవర్‌ది 118, పాత అమెరికా 1911ది 127. బరువు ఎక్కువ, అందువల్ల తన్నుడు తక్కువ. గురి చూసే వెనక కన్నుకూ ముందు కన్నుకూ (సైట్లకు) మధ్య దూరం ఎక్కువ, అందువల్ల గురి తేలిక. జేబులో దాచుకోవడానికి ఇది పనికిరాదు. రేంజ్‌కు, ఇంటికి, డ్యూటీకి మాత్రమే.

పోటీల్లో కాల్చాలన్నది మీ కోరిక అయితే దారి సూటిగా ఉంది. 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్, రాపిడ్ ఫైర్, స్టాండర్డ్ పిస్టల్ మూడూ .22 లాంగ్ రైఫిల్‌తోనే. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది .22 పిస్టల్‌తోనే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో ప్యారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది కూడా ఈ చిన్న తూటాతోనే. సెంటర్ ఫైర్ పిస్టల్ (అడుగు మధ్యలో కొడితే పేలే తూటాది) అనే పోటీకి మాత్రం పెద్ద తూటా కావాలి, 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల మధ్య. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 కొట్టి ప్రపంచ రికార్డు సమం చేసిన పోటీ అదే.

సెంటర్ ఫైర్‌లో నిబంధన 9 ఎంఎంను ఆపదు. అయినా ప్రపంచమంతా గట్టి షూటర్లు వాడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ వాడ్‌కటర్. రివాల్వర్ కోసం పుట్టిన ఈ తూటాకు సరిపోయేలా పార్డినీ, వాల్తర్ కంపెనీలు సెమీ ఆటోమాటిక్ పిస్టళ్ళే చేశాయి. వాడ్‌కటర్ బుల్లెట్ ముక్కు చదునుగా, కేసు (తూటా ఇత్తడి గొట్టం) మూతితో సమానంగా ఉంటుంది. కాగితం మీద చింపులు లేని గుండ్రటి రంధ్రం పడుతుంది, అంపైర్‌కు పాయింటు లెక్కపెట్టడానికి అనుమానం మిగలదు. తన్నుడు మెత్తన. ఈ ఒక్క సంగతి గమనించండి: గెలవడం తప్ప ఇంకో ఉద్దేశం లేని మనుషులు, ఏ తూటా అయినా ఎంచుకునే వీలున్న మనుషులు, కావాలని చిన్నదాన్ని ఎంచుకున్నారు.

ఇంటి రక్షణకు లైసెన్సు తీసుకున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు .32 ఏసీపీ తప్ప వేరే దారి దాదాపు లేదు. ఎంచుకోవాల్సింది తూటా రకం కాదు, దాని నాణ్యత, దానితో మీ అలవాటు.

తన్నుడు లెక్క

బుల్లెట్ బరువును దాని వేగంతో గుణిస్తే చేతికి తగిలే తోపు ఎంతో ఒక అంచనా వస్తుంది. నేను పిల్లలకు నల్లబల్ల మీద ఇదే వేసి చూపిస్తాను. .22ది 2.6 గ్రాములు, పిస్టల్ బ్యారెల్ నుంచి సెకనుకు సుమారు 290 మీటర్లు. గుణిస్తే 750 చిల్లర. .32 ఏసీపీది 4.6 గ్రాములు, 275 మీటర్లు, అంటే 1,265. మామూలు 9 ఎంఎం 7.45 గ్రాములు, 355 మీటర్లు, అంటే 2,640 పైన. .45 ఏసీపీది 14.9 గ్రాములు, 255 మీటర్లు, అంటే 3,800. .32 తోపు 9 ఎంఎంలో సగం, .45 తోపు .32కు మూడింతలు.

బుల్లెట్ మోసుకెళ్ళే శక్తి లెక్క వేరు. అందులో 9 ఎంఎం, .45 దాదాపు సమానం, 450 నుంచి 490 జౌళ్ళ మధ్య. .32 ఏసీపీది 175 జౌళ్ళ దగ్గర. కుర్రాళ్ళు ఈ అంకె చూసి .32ను చిన్నచూపు చూస్తారు.

బేగంబజార్ నుంచి వచ్చే ఒక వ్యాపారి నన్నడిగాడు: "అన్నా, గింత చిన్న గోళీ ఏం పనిజేస్తది?" నేను ఆయన చేతికి .22 పిస్టల్ ఇచ్చి పాతిక మీటర్ల కాగితం మీద పది వేయమన్నాను. సగం కాగితం బయటే పోయాయి. "భాయ్, తాకని పెద్ద గోళీ కన్నా తాకే చిన్నది నయం. ముందు ఈ పది లోపల పడేదాకా రా, తర్వాత .32 పట్టుకుందాం" అన్నాను. ఆయన వచ్చాడు, శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ ప్రశ్న అడగడు.

తూటా పెద్దదైతే మనిషి ట్రిగ్గర్ నొక్కబోయే ముందే కళ్ళు మూస్తాడు, మణికట్టు కిందికి వంచుతాడు. పేలుడుకు భయపడే ఆ వణుకు ఒకసారి అలవాటైతే పోగొట్టడానికి నెలలు పడుతుంది. అందుకే లైసెన్సు .32ది అయినా, వీలుంటే మొదట .22తో నేర్చుకోమంటాను. బరువైన ఫుల్ సైజ్ పిస్టల్‌లో .22 పేలితే చెయ్యి కదిలినట్టే ఉండదు, ముందు కన్ను ఎక్కడుందో కాల్చిన క్షణంలో కూడా కనిపిస్తుంది. గురి అంటే ఆ చూపే.

పెద్ద తూటాల కథ, తెలుసుకోవడానికి

కొనలేకపోయినా ఇవి తెలిసి ఉంటే వీడియోల్లో చెప్పేదాంట్లో గింజేదో పొట్టేదో తెలుస్తుంది.

.32 ఏసీపీ 1899లో జాన్ బ్రౌనింగ్ తయారుచేసింది. 9 ఎంఎం పారాబెల్లం 1902 నాటిది, జర్మనీలో జార్జ్ లూగర్ తెచ్చింది. .45 ఏసీపీ కూడా బ్రౌనింగ్‌దే, 1911లో అమెరికా సైన్యం దానికి సరిపడే పిస్టల్‌ను తీసుకుంది. ఒత్తిడి చూడండి: 9 ఎంఎం గరిష్ఠం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .45ది 21,000. అందుకే 9 ఎంఎం చురుక్కున కొడుతుంది, .45 నెమ్మదిగా బలంగా తోస్తుంది. ఈ రెండింటికీ కాల్చిన క్షణంలో బ్యారెల్‌ను స్లైడ్‌తో (పేలినప్పుడు వెనక్కి జారే పిస్టల్ పై భాగంతో) కలిపి పట్టి ఉంచే తాళం కావాలి. .32, .22లకు ఆ తాళం అక్కర్లేదు, స్లైడ్ బరువు, స్ప్రింగ్ చాలు. ఈ తేడా తర్వాత స్ప్రింగుల దగ్గర పనికొస్తుంది.

.40 స్మిత్ అండ్ వెసన్ కథలో మనకు పనికొచ్చేది ఉంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. తమ తూటాలు చాలలేదని ఎఫ్‌బీఐ 10 ఎంఎం వైపు వెళ్ళింది. అది చేతికి భారమైంది. దాన్నే తగ్గించి 1990లో .40 వచ్చింది. అమెరికాలో పోలీసు శాఖలు బారులు తీరి కొన్నాయి. పాతికేళ్ళు గడిచేసరికి ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. బుల్లెట్ల తయారీ మెరుగైంది, 9 ఎంఎంతో మనుషులు ఎక్కువ గురిగా, త్వరగా కాల్చగలరు, మ్యాగజైన్‌లో ఎక్కువ రౌండ్లు పడతాయి. అంత పెద్ద సంస్థ తిరిగి చిన్నదానికి వచ్చింది.

మన పోలీసుల దగ్గర 9 ఎంఎం ఎప్పటి నుంచో ఉంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ బ్రౌనింగ్ నమూనాలో చేసిన పిస్టల్‌ను నేను ఎన్నిసార్లు విప్పి బిగించానో. పదమూడు రౌండ్ల మ్యాగజైన్, నమ్మకమైన పనిముట్టు. సైన్యం కొన్న అస్మీ అనే 9 ఎంఎం సబ్‌మెషిన్ గన్ తయారవుతున్నది మన హైదరాబాద్‌లోనే, లోకేశ్ మెషీన్స్‌లో. అది మనకు గర్వం. మన అల్మారాలోకి మాత్రం రాదు.

మీ పిస్టల్ ఏది మింగుతుంది

1980ల నడుమ నుంచి మామూలు లైసెన్సుదారుడికి విదేశీ పిస్టల్ దిగుమతి దారి మూసుకుపోయింది. అందుకే మన దగ్గర చేతులు మారే .32ల్లో చాలా భాగం పాతవి: వాల్తర్లు, లామాలు, బెరెట్టాలు. పెద్ద పిడి కావాలనుకునేవాళ్ళు బెరెట్టా 81 కోసం వెతుకుతారు, దానికి పన్నెండు రౌండ్లు పడతాయి. మిగతావాళ్ళు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పిస్టల్ తీసుకుంటారు. పాత పిస్టల్ కొన్నాక తూటా గురించి ఆలోచించే ముందు రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టేది), మ్యాగజైన్ స్ప్రింగ్ చూపించండి. తాళం లేని పిస్టల్‌లో స్ప్రింగ్ నీరసపడితే మంచి తూటా కూడా స్లైడ్‌ను వెనక్కి దబ్బున కొడుతుంది. మ్యాగజైన్ స్ప్రింగ్ నీరసపడితే తూటా ముక్కు పైకి లేవదు, ఫీడ్ దగ్గర ఇరుక్కుంటుంది. తూటాను తిట్టడానికి ముందు ఇది చూడాలి.

.32 ఏసీపీకి ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. దాని అడుగు అంచు కొంచెం బయటికి ఉంటుందన్నాను కదా, మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ కొక్కెం పడతాయి. ఆ తర్వాత స్లైడ్ ఎంత తోసినా రాదు. గుండ్రటి ముక్కున్న, పూర్తి పొడవున్న తూటాల్లో ఇది అరుదు, ఎందుకంటే ముందుకూ వెనక్కూ జారేందుకు చోటుండదు. ముక్కులో గుంట ఉండి పొట్టిగా ఉండే హాలో పాయింట్ తూటాల్లో చోటు మిగిలి ఈ జబ్బు ఎక్కువ. కాబట్టి .32లో నా మాట సూటిగా ఇది: గుండ్రటి ముక్కు, రాగి పూత పూర్తిగా ఉన్న ఫుల్ మెటల్ జాకెట్ తూటా తీసుకోండి. మ్యాగజైన్ నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కిందిదాని అంచుకు ముందు ఉందో లేదో బొటనవేలితో తడిమి చూడండి.

ఆ తూటా ఇంట్లో పేలితే ఫ్లష్ డోర్ దాటి అవతలి గదిలోకి పోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ఏ గోడ వెనక ఎవరు పడుకుంటారో ముందే తెలుసుకుని ఉండాలి.

.22 సంగతి వేరు. కోచింగ్‌కు వచ్చే ఒక అమ్మాయి "అంకుల్, హై వెలాసిటీ డబ్బా దొరికింది, ఇంకా ఫాస్ట్‌గా పోతుందట" అని సంతోషంగా తెచ్చింది. "బిడ్డా, ఆ వేగం రైఫిల్ బ్యారెల్‌తో కొలిచింది. నీ పిస్టల్ బ్యారెల్ అందులో పావు వంతు. వేగం నీకు రాదు, స్లైడ్‌కు దెబ్బ మాత్రం వస్తుంది" అని చెప్పి స్టాండర్డ్ వెలాసిటీ డబ్బా ఇచ్చాను. పోటీ పిస్టళ్ళన్నీ స్టాండర్డ్ వెలాసిటీకే బిగించి వస్తాయి. ఎలీ, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్, లాపువా, సీసీఐ, ఏదైనా కావచ్చు. ఎక్కువ ఖరీదైనదే మీ పిస్టల్‌కు నచ్చుతుందని లేదు. ఖరీదు రైఫిల్ వాళ్ళ మిల్లీమీటర్ల కోసం. పిస్టల్ వాడికి కావలసింది ప్రతిసారీ ఆగకుండా పేలడం.

పరీక్ష ఇలా పెట్టుకోండి. ఒకే కంపెనీ, ఒకే లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన) డబ్బా తీసుకోండి. ఇసుక సంచి మీద రెండు చేతులూ ఆనించి, పాతిక మీటర్ల నుంచి పది వేయండి. కాగితం తీసి వెనకాల తేదీ, లాట్ నంబర్ రాయండి. వేరే కంపెనీతో మళ్ళీ పది. పాతిక మీటర్ల ప్రెసిషన్ కాగితంలో పది వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ఆనించి కాల్చినప్పుడు పదీ ఆ వలయంలో పడితే ఆ తూటా చాలు, ఇంకా మంచిది వెతకక్కర్లేదు. గుంపు మధ్యకు పక్కన పడినా, ప్రతిసారీ ఒకే చోట బిగువుగా ఉంటే కన్ను సరిచేసుకోండి. గుంపు ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంటే తూటా మార్చండి. ఇంటి కోసం ఉంచుకునే .32కైతే గుంపు కన్నా ఆగకపోవడం ముఖ్యం. ఉన్న ప్రతి మ్యాగజైన్‌ను కనీసం రెండుసార్లు ఒక్క స్టాపేజ్ లేకుండా ఖాళీ చేయాలి. ఒక్క మ్యాగజైన్‌లోనే మాటిమాటికీ ఆగితే నేరం దానిది, తూటాది కాదు.

కాల్చేటప్పుడు మణికట్టు గట్టిగా ఉంచండి. మెత్తగా పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ కేసు బయటికి పడకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. అది చూసి తూటా బలహీనమైందని అనుకునేవాళ్ళే ఎక్కువ.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతి బట్ (కాగితాల వెనక మట్టికట్ట) వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఆ తర్వాతే మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగండి. దానికంటే ప్రమాదకరమైనది మామూలు చప్పుడు రాకుండా పుస్సుమనడం. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగి ఉంటుంది. రెండోది వేస్తే బ్యారెల్ చీలుతుంది. చప్పుడు తేడాగా వినిపిస్తే వెంటనే ఆపి, మొత్తం ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడాలి. రేంజ్‌లో పక్కవాడి పిస్టల్ అలా అన్నా సరే, "ఆగు!" అని అరవడానికి మొహమాటపడకండి.

చిన్న పిస్టల్ చప్పుడు కూడా 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకు కప్పు లేకుండా ఒక్క రౌండు కూడా వద్దు. .22 బుల్లెట్ సీసం. కాల్చాక చేతులు సబ్బుతో కడగకుండా క్యాంటీన్ సమోసా ముట్టొద్దని పిల్లలకు రోజూ చెబుతాను.

మన ఎండ, మన వాన

మే నెలలో రేంజ్ బయట పార్క్ చేసిన కారులో తూటాల డబ్బా వదిలితే లోపల అరవై డిగ్రీలు దాటవచ్చు. వేడెక్కిన మందు త్వరగా కాలుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, మామూలుగా పడే చోటు కన్నా పైకో కిందికో పడుతుంది. మాటిమాటికీ అలా వేడెక్కితే మందు గుణమే చెడుతుంది. పైగా తాళం లేని కారులో తూటాలు వదలడం లైసెన్సు నిబంధనలకే విరుద్ధం. జూలైలో తేమ పట్టుకుంటుంది. కంపెనీ డబ్బాలోనే, గాలి చొరబడని పెట్టెలో, సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో.

తూటాకు నూనె రాయకండి. తుప్పు పట్టకుండా అని చాలామంది రాస్తారు. నూనె ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) అంచు నుంచి లోపలికి పోయి దాన్ని చంపేస్తుంది, అక్కర పడ్డ రోజు టక్కుమని ఊరుకుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో జమ చేయమంటారు. తిరిగి తీసుకున్నాక ప్రతి తూటా వెలుతురులో తిప్పి చూడండి. ఇత్తడి మీద పచ్చ మరక, కేసు మూతి దగ్గర చీలిక, బుల్లెట్ వేలితో తిప్పితే తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఆ తూటా కాల్చకూడదు. చెత్తలో పడేయకూడదు, నేలలో పాతకూడదు. కొన్న లైసెన్సు దుకాణానికి గానీ స్టేషన్‌కు గానీ తీసుకెళ్ళి, లైసెన్సు పుస్తకంలో లెక్క తీసివేయించి, రసీదు తెచ్చుకోవాలి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ లాట్, ఎప్పుడు కొన్నది, ఎన్ని వేశారు, ఎక్కడ ఆగింది, స్ప్రింగ్ ఎప్పుడు మార్చారు. కొత్త లాట్ తెచ్చిన ప్రతిసారీ ఇసుక సంచి పరీక్ష మళ్ళీ పెట్టండి. పేరు అదే, డబ్బా రంగు అదే అయినా లాట్ మారితే మందు మారవచ్చు. లైసెన్సు మీద ఏడాదికి ఎన్ని రౌండ్లు కొనవచ్చో రాసి ఉంటుంది. అందులో ఎన్ని సాధనకు, ఎన్ని పరీక్షకు, ఎన్ని తాళం వేసి ఉంచడానికి అన్నది ఆ పుస్తకంలోనే జనవరిలో రాసి పెట్టుకుంటే, డిసెంబరులో రేంజ్‌కు ఖాళీ మ్యాగజైన్‌తో రావాల్సిన పని ఉండదు.